అడ్డం కాలం, నిలువు బలం

(ఒక పట్టణ శాఖా గ్రంథాలయంలో పాఠకులు, నర్సింగ్ విద్యార్థులు కూర్చున్న సభలో ఒక నర్సింగ్ అధ్యాపకురాలు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

ముందు వరుసలో కూర్చున్న పెద్దలకు మరొక్కసారి నమస్కారం. మీలో కొందరు రోజూ పొద్దున్నే ఇక్కడికి వచ్చి పత్రికలో గళ్ళనుడికట్టు నింపుతారని, అది పూర్తయ్యేదాకా ఆ పత్రికను ఇంకొకరి చేతికి ఇవ్వరని గ్రంథాలయం వారు చెప్పారు. వెనక వరుసల్లో మా విద్యార్థులు, ఈసీజీ తీసే టెక్నీషియన్లు ఉన్నారు. మీ అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టాలని నాకు చాలా కాలంగా కోరిక. మీరూ వాళ్ళూ రోజూ చేతిలో పట్టుకునేది గళ్ళ కాగితమే.

పెద్దల్లో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఈసీజీ తీసే ఉంటారు. ఛాతీ మీద చల్లగా జెల్ రాసి, తీగలు పెట్టి, కదలకుండా పడుకోమంటారు. గులాబీ రంగు గళ్ళ కాగితం బయటికి వస్తుంది. డాక్టరు గారు దాన్ని చూసి ఫైలులో పెడతారు. ఆ గళ్ళ సంగతి మీకు ఎవరూ చెప్పి ఉండరు. నేను చెబుతాను.

చిన్న గడి ఒక మిల్లీమీటరు. కాగితం మామూలుగా సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో నడుస్తుంది. కాబట్టి అడ్డంగా ఒక చిన్న గడి అంటే 0.04 సెకను. అలాంటివి ఐదు కలిస్తే ఒక పెద్ద గడి, 0.2 సెకను. నిలువుగా చూస్తే పది చిన్న గళ్ళు ఒక మిల్లీవోల్టు. అంటే గుండెలో పుట్టే విద్యుత్తు ఎంతసేపు నడిచిందో అడ్డం చెబుతుంది, ఎంత బలంగా నడిచిందో నిలువు చెబుతుంది. నా తరగతిలో మొదటి రోజు నల్లబల్ల మీద రాసే మాట ఇదే: అడ్డం కాలం, నిలువు బలం.

ఇప్పుడు పెద్దలను ఒక ప్రశ్న అడుగుతాను. అడ్డం 7కు మీకు ఒక మాట తట్టింది. ఆధారానికి చక్కగా సరిపోయింది. వెంటనే పెన్నుతో రాసేస్తారా?

(సభలోంచి: "నిలువు చూడాలి కదమ్మా!")

అదీ! నిలువు చూడాలి. మీరు రాసిన మాటలో రెండో అక్షరం, దాన్ని కోస్తూ పై నుంచి దిగే మాటలో నాలుగో అక్షరం కావాలి. రెండూ కలిస్తేనే అది జవాబు. కలవకపోతే మీకు ఎంత నచ్చిన మాటైనా చెరిపేస్తారు. మా విద్యార్థులు నేర్చుకోవలసింది సరిగ్గా ఈ అలవాటే. ఈసీజీలో పన్నెండు లీడ్లు ఉంటాయి. ఒకే గుండెను పన్నెండు కిటికీల్లోంచి చూడటం అనుకోండి. రెండు, మూడు, ఏవీఎఫ్ అనే లీడ్లు గుండెను కింది వైపు నుంచి చూస్తాయి. ఒకటి, ఏవీఎల్, వి5, వి6 ఎడమ పక్క నుంచి చూస్తాయి. వి1 నుంచి వి4 వరకు ముందు గోడను, గదుల మధ్య గోడను చూస్తాయి. ఒక రకం గుండెపోటులో ఎస్, టి అనే రెండు అలల నడుమ ఉండే గీత పైకి లేస్తుంది. అయితే ఒక్క లీడులో లేచిందని గుండెపోటు అనేయరు. పక్కపక్కనే ఉన్న రెండు లీడ్లలోనైనా లేవాలి. మూడో లీడులో కనిపించింది ఏవీఎఫ్‌లోనూ ఉందా అని చూడటం, అడ్డం మాటను నిలువు మాటతో సరిచూడటమే.

గళ్ళ పజిల్ 1913 డిసెంబరు 21న న్యూయార్క్‌లోని ఒక పత్రికలో పుట్టింది. తయారు చేసినవాడు ఆర్థర్ విన్. అది వజ్రం ఆకారంలో ఉండేది. సరిగ్గా ఆ రోజుల్లోనే హాలండులోని లైడెన్‌లో, ఈసీజీకి ఆద్యుడైన విల్లెం ఐంథోవెన్ గుండె చుట్టూ ఒక త్రిభుజాన్ని ఊహించి, చేతులకూ కాలికీ పెట్టిన తీగల లెక్క తేలుస్తున్నారు. ఆయన యంత్రం దాదాపు 270 కిలోల బరువు. నడపడానికి ఐదుగురు కావాలి. రోగి చేతులు, కాలు ఉప్పునీటి తొట్లలో పెట్టి కూర్చోవాలి. 1924లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. గళ్ళ పజిళ్ళు మొదటిసారి పుస్తకంగా అచ్చై అమెరికాను ఊపేసిందీ ఆ ఏడాదే. ఇది యాదృచ్ఛికమే, దీనిలోంచి నేను ఏ అర్థమూ తీయను. కానీ ఈ రెండు సంగతులూ పక్కపక్కన రాసుకున్న రోజు నాకు చాలా సంతోషమైంది.

ఈసీజీలో కనిపించే ఎత్తుపల్లాలకు పి, క్యూ, ఆర్, ఎస్, టి అని 1895లో పేరు పెట్టింది కూడా ఐంథోవెనే. ఏ, బి, సి అని ఎందుకు మొదలుపెట్టలేదని పిల్లలు అడుగుతారు. పాత పరికరం గీసిన ముతక గీతకు అప్పటికే ఏ, బి, సి, డి పేర్లు ఉన్నాయి. లెక్క వేసి సరిదిద్దిన గీతకు వేరే అక్షరాలు కావలసి వచ్చాయి. రేఖాగణితంలో వంపు మీది బిందువులను పి నుంచి మొదలుపెట్టే ఆనవాయితీ కూడా ఉంది. దాంతో అటూ ఇటూ చోటు మిగిలింది. తర్వాత టి వెనకాల ఇంకో చిన్న అల కనబడితే, యు అనే పేరు సిద్ధంగా ఉంది.

ఈ అక్షరాలను తెలుగు పిల్లలకు చెప్పేటప్పుడు నాకు ఒక సౌకర్యం దొరికింది. ఇంగ్లిషు పజిల్లో ఒక గడికి ఒక లిపి గుర్తు. మనకు అలా కాదు. "స్త్రీ" అనే మాట మొత్తం ఒకే గడిలో కూర్చుంటుంది. అందులో సకారం ఉంది, తకారం ఉంది, రేఫ ఉంది, పైన గుడి దీర్ఘం ఉంది. అయినా అది ఒకే అక్షరం, ఒకే గడి. క్యూఆర్ఎస్ కూడా అలాంటి సంయుక్తాక్షరమే. గుండె కింది గదుల్లో విద్యుత్తు పరుచుకునే ఆ కొద్ది కాలంలో మొదట కిందికి దిగితే క్యూ, పైకి లేస్తే ఆర్, ఆ తర్వాత మళ్ళీ దిగితే ఎస్. కొన్ని లీడ్లలో క్యూ ఉండదు, కొన్నింటిలో ఎస్ ఉండదు. ఉన్నా లేకున్నా మొత్తాన్ని క్యూఆర్ఎస్ అనే అంటారు. "క్యూ లేకపోతే క్యూఆర్ఎస్ అని ఎలా అంటాం మేడమ్?" అని ఏటా ఒకరు అడిగేవారు. సంయుక్తాక్షరం అన్న మాట పడ్డాక ఆ ప్రశ్న మళ్ళీ రాలేదు.

అసలు ఈ పజిళ్ళ దారిలోకి ఎందుకు వచ్చానో చెబుతాను. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో సగానికి పైగా పల్లెల్లో తెలుగు మాధ్యమంలో చదివినవాళ్ళు. చూపు చురుకు, చెయ్యి శుభ్రం, రోగితో మాట మంచిది. ఈసీజీ పాఠం దగ్గరికి వచ్చేసరికి మాత్రం తల వంచుకుంటారు. గీత చూపిస్తే తేడా పట్టేస్తారు. "ఇక్కడేదో ఒకటి ముందే వచ్చేసింది మేడమ్" అంటారు. అది సరైన జవాబు. "దాన్ని ఏమంటారు?" అంటే నోరు పెగలదు. ప్రీమెచ్యూర్ వెంట్రిక్యులర్ కాంప్లెక్స్, అంటే గుండె కింది గదిలో వేళకు ముందే పుట్టిన స్పందన. ఆ మూడు ఇంగ్లిషు మాటలు వాళ్ళ కంటికీ నోటికీ నడుమ గోడలా నిలబడతాయి. వాళ్ళకు గుండె తెలియదని పరీక్షలో మార్కులు తీసేస్తాం. నిజానికి వాళ్ళకు తెలియనిది ఆ మాట ఒక్కటే. ఇది నన్ను చాలా బాధ పెట్టింది, ఇప్పటికీ పెడుతోంది.

మొదట నేను చేసిన పజిళ్ళు పనికిరాలేదు. అక్షరాల గళ్ళ మధ్య దాచిన మాటలను వెతికి చుట్టూ గీత గీసే రకం ఉంటుంది కదా, అది ఇచ్చాను. పిల్లలు ఉత్సాహంగా అన్నీ వెతికారు. వారం తర్వాత అడిగితే ఒక్క మాటకూ అర్థం చెప్పలేకపోయారు. అందులో కన్ను అక్షరాల వరసను పోలుస్తుందే తప్ప, బుద్ధికి పని ఉండదు. తర్వాత నిర్వచనం ఆధారంగా ఇచ్చి, మాట నింపమన్నాను. కొంత నయం. నిజమైన మార్పు ఎప్పుడు వచ్చిందంటే, ఆధారం చోట మాటలు తీసేసి, ఒక ఈసీజీ ముక్క కత్తిరించి అతికించినప్పుడు. అడ్డం 1 అని ఉంటుంది, దాని ఎదురుగా ఆరు సెకన్ల గీత ఉంటుంది. దానిని చదివి, పేరు గుర్తు తెచ్చుకుని, గళ్ళలో రాయాలి. నెల గడిచాక తిరగేస్తాను. ఈసారి మాట నేనిస్తాను, ఖాళీ గళ్ళ కాగితం మీద గీత వాళ్ళు గీయాలి. గీయమంటేనే తెలుస్తుంది, పికీ ఆర్‌కూ మధ్య ఎన్ని గళ్ళు వదలాలో ఎవరికి తెలుసో, ఎవరికి తెలియదో.

గుర్తు తెచ్చుకోవడంలో ఉన్న బలం గురించి మనస్తత్వ శాస్త్రంలో బాగా తెలిసిన పని ఒకటుంది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చారు. కొందరు దాన్నే మళ్ళీ చదివారు. కొందరు పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళే మెరుగు. వారం తర్వాత పెడితే, మూసి రాసినవాళ్ళు ముందున్నారు. పరీక్ష ముందురోజు రాత్రి పుస్తకం తిరగేసి మర్నాడు సాయంత్రానికి మర్చిపోయే పిల్లలకు నేను ఇది తప్పకుండా చెబుతాను. మీ పేషెంటు మీ పరీక్ష మర్నాడే రాడు. మూడేళ్ళ తర్వాత, రాత్రి రెండు గంటలకు వస్తాడు.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతికి వస్తున్నాను. పెద్దలందరికీ చిన్నప్పుడు తెలుగు మాస్టారు చెప్పిన మాట ఒకటి గుర్తుండాలి. యమాతారాజభానస. ఆ చివర "లగం" కలుపుకుంటే పూర్తవుతుంది.

(సభలో కొందరు కలిసి పలికారు.)

ఎంత గొప్ప పజిలో చూడండి. ఆ మాటకు అర్థం లేదు. కానీ మూడక్షరాల గణాలు ఎనిమిదీ అందులోనే దాగి ఉన్నాయి. య గణం కావాలంటే య దగ్గర వేలు పెట్టి మూడు అక్షరాలు చదవాలి. య మా తా: లఘువు, గురువు, గురువు. స గణం కావాలంటే స దగ్గర: స ల గం. లఘువు, లఘువు, గురువు. ఒక్క మాట కంఠస్థమైతే ఎనిమిది గణాలు చేతిలో ఉంటాయి.

చిటిక వేసేంత సేపు పలికేది లఘువు, దానికి రెట్టింపు సేపు పలికేది గురువు. లఘువుకు నిలువు గీత గుర్తు. గురువుకు గిన్నెలా వంపు తిరిగిన గుర్తు. ఇప్పుడు ఈ బల్ల మీద ఈసీజీ చూడండి. మామూలు క్యూఆర్ఎస్ సన్నగా, నిలువు గీతలా ఉంటుంది. మూడు చిన్న గళ్ళ కంటే తక్కువ వెడల్పు. విద్యుత్తు దానికోసం ఉన్న దారిలో పరుగెత్తడం వల్ల పని త్వరగా అయిపోతుంది. కింది గదిలో ఎక్కడో ఒక మూల అకాలంగా పుట్టిన స్పందన ఆ దారి వదిలి కండరాల గుండా పొలాలకు అడ్డంపడి నడుస్తుంది. ఆలస్యమవుతుంది. గీత వెడల్పవుతుంది. మూడు చిన్న గళ్ళు, ఆ పైన. అదే గురువు.

ఇంకేముంది, గణవిభజన చేయండి! లఘువు, లఘువు, లఘువు వస్తూ ఉంటే అంతా న గణం. ఒక లఘువు, ఒక గురువు, మళ్ళీ ఒక లఘువు, ఒక గురువు వస్తే అది వ గణం. వైద్యంలో దాన్ని బైజెమినీ అంటారు. రెండు లఘువులు, ఒక గురువు వరసగా వస్తే స గణం. అదే ట్రైజెమినీ. గురువు, గురువు, గురువు మూడు కలిసి దడదడా వస్తే మ గణం. నిమిషానికి నూరు దాటిన వేగంతో వరసగా మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ కింది గది స్పందనలు వస్తే దాని పేరు వెంట్రిక్యులర్ టాకికార్డియా. అది మా తా రా. మా విద్యార్థులకు నేను చెప్పింది ఒక్కటే: మ గణం కనబడితే పజిల్ కాగితం కింద పడేసి మంచం దగ్గరికి పరుగెత్తండి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఉన్న స్పందనలన్నీ గురువులే అయినంత మాత్రాన అది టాకికార్డియా కాదు. గుండెలో విద్యుత్తు నడిచే దారి కుడి, ఎడమ కొమ్మలుగా చీలుతుంది, ఆ కొమ్మ ఒకటి మూసుకుపోయినా క్యూఆర్ఎస్ వెడల్పవుతుంది. అప్పుడు వేగం చూడాలి, పై గదుల విద్యుత్తు గీసే పి అల ఉందా లేదా అన్నది చూడాలి. గణం ఒక్కటి తెలిస్తే పద్యం ఏదో తెలిసిపోదు కదా, యతి ప్రాసలు కూడా చూస్తాం. ఇదీ అంతే.

ఈ గణాల పాఠం చెప్పిన కొద్ది వారాలకు వార్డులో ఒక సంఘటన జరిగింది. ఏ ఆసుపత్రో, ఎవరో చెప్పడం భావ్యం కాదు. రెండో ఏడాది చదువుతున్న ఒక అమ్మాయి పొద్దున్నే ఒక పెద్దావిడ నాడి చూస్తోంది. మణికట్టు మీద మూడు వేళ్ళు, రెండో చేతిలో గడియారం. నిమిషం పూర్తిగా లెక్కబెట్టింది. ముప్పై ఆరు. మళ్ళీ లెక్కబెట్టింది. ముప్పై ఆరే. పక్కనున్న మానిటరులో డెబ్బై రెండు. మానిటరును నమ్మితే అంతా సవ్యం, వేళ్ళను నమ్మితే ప్రమాదం. ఆ అమ్మాయి రెండింటిలో దేన్నీ కొట్టేయలేదు. స్ట్రిప్, అంటే ఈసీజీ గీత పడిన కాగితం ముక్క, తీయించి నా దగ్గరికి వచ్చి నిలబడింది. ఆ పిల్ల నాతో అన్న మాట యథాతథంగా చెబుతున్నాను: "మేడమ్, ఇది వ గణం. గురువు చేతికి అందడం లేదు."

ఎంత సరిగ్గా చెప్పింది! ముందే వచ్చేసిన స్పందన వేళకు గుండె గదిలో రక్తం ఇంకా నిండలేదు. విద్యుత్తు పుడుతుంది, గీత పడుతుంది, మానిటరు లెక్కబెడుతుంది. కానీ మణికట్టు దాకా రక్తం తన్నుకు రాదు. రెండింటిలో ఒకటి మాత్రమే వేలికి తగులుతుంది. డెబ్బై రెండులో సగం ముప్పై ఆరు. ఆ తర్వాత రక్త పరీక్షలో పొటాషియం బాగా తక్కువని తేలింది. ఆవిడ నీరు పోవడానికి మాత్రలు వాడుతున్నారు. డాక్టర్లు సరిచేశారు, మూడో రోజుకు గణం మారింది. అడ్డం మాట డెబ్బై రెండు, నిలువు మాట ముప్పై ఆరు. రెండూ కలిసే జవాబు దొరికేదాకా ఆ అమ్మాయి ఆగింది, అందుకే దొరికింది.

కొండగుర్తుల సంగతి కొంచెం చెప్పాలి. ఇంగ్లిషులో విలియం, మారో అనే రెండు పేర్లతో ఒక పాత కొండగుర్తు ఉంది. గుండెలో కుడి కొమ్మ మూసుకుపోయిందా, ఎడమ కొమ్మా అని చెప్పడానికి. ఆ పేర్లలోని మొదటి, చివరి అక్షరాల ఆకారం చూసి వి1లో, వి6లో గీత ఆకారంతో పోల్చుకోవాలి. ఇంగ్లిషు లిపిలో రాసి చూస్తేనే అది పని చేస్తుంది. తెలుగులో "విలియం" అని రాస్తే అందులో ఏ ఆకారమూ లేదు. మా పిల్లలు దాన్ని బట్టీ పట్టి, పరీక్షలో తిరగేసి రాసేవారు. ఒక రోజు తరగతికి అదే పజిల్‌గా ఇచ్చాను: మీకు నచ్చినట్టు తెలుగులో కొండగుర్తు కట్టండి, రేపు తెండి అని. మర్నాడు ఒక అమ్మాయి లేచి చదివింది:

కుడికి కుందేలు ఒకటిలో,
ఎడమకు ఎద్దు ఆరులో.

కుడి కొమ్మ మూసుకుపోతే వి1లో క్యూఆర్ఎస్ రెండు శిఖరాలుగా లేస్తుంది. రెండోది ఎక్కువ ఎత్తు. అచ్చం కుందేలు చెవులే. ఎడమ కొమ్మ మూసుకుపోతే వి6లో ఆర్ వెడల్పుగా, నెత్తిన నొక్కుతో, పొట్టి కొమ్ములున్న ఎద్దు తలలా ఉంటుంది. కుడిలో కు, కుందేలులో కు. ఎడమలో ఎ, ఎద్దులో ఎ. ఎక్కడ చూడాలో కూడా అందులోనే ఉంది. ఇన్నేళ్ళలో నేను కట్టిన ఏ కొండగుర్తూ దీని ముందు నిలవలేదు. మా తరగతి గోడ మీద ఇప్పటికీ ఉంది, ఆ అమ్మాయి చేతిరాతలోనే.

హార్ట్ బ్లాకులకు కూడా పిల్లలే మాటలు కట్టుకున్నారు. పై గది నుంచి కింది గదికి కబురు చేరే దారిలో అడ్డంకి ఉంటే దాన్ని బ్లాకు అంటాం. పి మొదలైన దగ్గర నుంచి క్యూఆర్ఎస్ మొదలయ్యే దాకా మూడు నుంచి ఐదు చిన్న గళ్ళు ఉండాలి. ఒక రకంలో ఆ దూరం స్పందన స్పందనకూ పెరుగుతూ, చివరికి ఒక క్యూఆర్ఎస్ రాకుండా పోతుంది. "దూరం, ఇంకా దూరం, ఇంకా ఇంకా దూరం, మాయం" అని వాళ్ళు చప్పట్లు కొడుతూ చెప్పుకుంటారు. దీనికి వెంకెబాక్ అని పేరు. ఆ డచ్చి వైద్యుడు దీన్ని 1899లో వర్ణించాడు. అప్పటికి ఐంథోవెన్ పెద్ద యంత్రం రాలేదు. ఒక రోగి మణికట్టు నాడి గీసిన గీతను కొలిచి, మధ్య విరామాల లెక్కతో పై గదిలో ఏం జరుగుతోందో ఊహించి చెప్పాడు. అక్షరాలు కనబడకుండా ఖాళీ గళ్ళ నుంచి మాట పట్టుకోవడం అంటే అది. రెండో రకంలో దూరం పెరగదు. హెచ్చరిక లేకుండా క్యూఆర్ఎస్ ఎగిరిపోతుంది. "చెప్పకుండా మాయం." ఇది మొదటిదానికంటే ప్రమాదం. పూర్తి బ్లాకులో పి తన లెక్కన తాను నడుస్తుంది, క్యూఆర్ఎస్ తన లెక్కన తాను నడుస్తుంది. "ఒకే ఇంట్లో ఉన్నా మాటల్లేవు" అన్నాడు ఒక అబ్బాయి. ఆ ఒక్క మాటతో తరగతిలో అందరికీ అర్థమైపోయింది.

వేగం లెక్కకు పజిల్ అక్కర్లేదు, ఎక్కం చాలు. ఆర్ నుంచి ఆర్‌కు ఒక పెద్ద గడి ఉంటే 300, రెండుంటే 150, మూడుంటే 100, ఆపైన 75, 60, 50. లయ గతి తప్పితే ఇది పనికిరాదు. అప్పుడు ముప్పై పెద్ద గళ్ళలో, అంటే ఆరు సెకన్లలో, ఎన్ని క్యూఆర్ఎస్‌లు ఉన్నాయో లెక్కబెట్టి పదితో గుణించాలి.

టెక్నీషియన్లకు ఒక సంగతి. పెద్దలకు తారుమారు అక్షరాల పజిల్ తెలుసు. "కలువ"ను కలిపేస్తే "వకలు" వస్తుంది, దాన్ని సరిచేయాలి. కుడిచేతి తీగ ఎడమ చేతికి, ఎడమది కుడికి పెట్టారనుకోండి. ఈసీజీ అచ్చం అలా తారుమారవుతుంది. ఒకటో లీడు తలకిందులవుతుంది. రెండు, మూడు స్థానాలు మార్చుకుంటాయి. ఏవీఆర్, ఏవీఎల్ కూడా మార్చుకుంటాయి. మామూలుగా ఏవీఆర్‌లో అన్నీ కిందికి ఉంటాయి. అందులో చక్కగా పైకి లేచి ఉన్నాయంటే ముందు తీగలు చూడండి. పుట్టుకతో గుండె కుడి వైపున ఉన్నవాళ్ళకు కూడా ఒకటో లీడు తలకిందులవుతుంది. తేడా ఎలా తెలుస్తుంది? నిలువు ఆధారం చూడండి. తీగలు మారితే ఛాతీ మీది లీడ్లు మామూలుగానే ఉంటాయి. గుండె కుడివైపు ఉంటే వి1 నుంచి వి6కు పోయేకొద్దీ ఆర్ చిన్నదవుతుంది.

తిరగేసి చదవాల్సిన మాట కూడా ఒకటుంది. గుండె వెనక గోడకు పోటు వస్తే, మనం పెట్టిన తీగలన్నీ ముందు వైపే కాబట్టి, వి1 నుంచి వి3 దాకా అంతా వ్యతిరేకంగా కనబడుతుంది. పైకి లేవాల్సింది కిందికి దిగుతుంది. ఆ కాగితాన్ని తలకిందులు చేసి, వెనక నుంచి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. అసలు రూపం కనబడుతుంది. మొదటిసారి చూసిన పిల్లలు "అబ్బ!" అంటారు. నేను కూడా మొదటిసారి అలాగే అన్నాను. ఆ తర్వాత వీపు వైపు వి7, వి8, వి9 లీడ్లు పెట్టి నిర్ధారించుకోవాలి.

ఇంత చెప్పాను కాబట్టి ఈ పద్ధతి ఎక్కడ ఆగిపోతుందో కూడా చెప్పాలి. అష్టావధానం చూసినవాళ్ళకు అప్రస్తుత ప్రసంగి తెలుసు. అవధాని ఏకాగ్రత చెదరగొట్టడమే ఆయన పని. ఈసీజీలో కూడా ఒక అప్రస్తుత ప్రసంగి ఉంటాడు. రోగి పళ్ళు తోముకున్నా, చలికి వణికినా, తీగ వదులైనా మానిటరులో గురువు, గురువు, గురువు అని గీత ఊగిపోతుంది. మ గణం అనుకుని పరుగెత్తుతాం. పరుగెత్తడం తప్పు కాదు. వెళ్ళాక ముందు మనిషిని చూడాలి. బ్రష్షు నోట్లో పెట్టుకుని మన వంక వింతగా చూస్తున్నారా? నాడి అందుతోందా? అప్పుడు గీతను జాగ్రత్తగా చూస్తే, ఆ ఊగే అలల మధ్య అసలు లఘువులు తమ వేళకు తాము నడుస్తూనే ఉంటాయి.

పజిల్‌కు ఒకే జవాబు ఉంటుంది, రేపటి పత్రికలో అచ్చవుతుంది. ఈసీజీకి ఆ భరోసా లేదు. గుండెపోటు వచ్చిన మనిషికి మొదటి ఈసీజీ మామూలుగా ఉండవచ్చు. ముందు వరుసలోని పెద్దలు ఇది దయచేసి గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి ఉంటే, "గ్యాసు" అని సోడా తాగుతూ కూర్చోకండి. 108కి ఫోను చేయండి. ఆసుపత్రికి చేరిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలి. అది బాగుందన్నా నొప్పి తగ్గకపోతే మళ్ళీ తీయమని అడగండి. అడగడం మీ హక్కు. మా పిల్లలకు కూడా చెబుతున్నాను, యంత్రం పైన అచ్చు వేసే పేరును అలాగే ఎత్తి రాయకండి. అది పక్కవాడు మీ పజిల్లో పెన్నుతో రాసిపెట్టిన మాట లాంటిది. సరైనదే కావచ్చు. నిలువు చూశాక ఒప్పుకోండి.

సమయం అయిందని గ్రంథాలయం వారు చెయ్యి ఊపుతున్నారు. మీ ముందున్న కాగితాలు తిప్పండి. నలుగురేసి కూర్చోండి, ఒక్కో గుంపులో ఒక పెద్దవారు, ముగ్గురు విద్యార్థులు. అందులో అతికించిన స్ట్రిప్పులన్నీ నిజమైనవే. పేర్లు, మంచం నంబర్లు కత్తిరించేశాము. అడ్డం 1 రెండు అక్షరాలు: రోగి చెప్పేది, ఈసీజీ తీసేసరికి తరచుగా మాయమయ్యేది. నిలువు 3 నాలుగు అక్షరాలు, సమాధానం తెలుగులోనే, కింది గది పేరు. అడ్డం 4 రెండు అక్షరాలు: ఏ తీగా అక్కర్లేకుండా మణికట్టు దగ్గర దొరికేది. అడ్డం 6కు ఆధారం ఆ కుడివైపు స్ట్రిప్పు. ముందు గణవిభజన చేయండి, తర్వాత పేరు రాయండి. పెన్నులు జేబుల్లో పెట్టేయండి, పెన్సిళ్ళు బల్ల మీద ఉన్నాయి.